పరిశోధనకు మాత్రమే: ఒక మానవ ప్రోటీను జీవితకథ

జీవశాస్త్ర ప్రయోగశాలల శీతల పేటికల్లో చిటికెన వేలంత గాజు సీసాలు వరుసగా పేర్చి ఉంటాయి. వాటిలో కొన్నింటి అడుగున కంటికి ఆనీ ఆననట్టు పలుచని తెల్లని పొర ఒకటి అంటుకొని ఉంటుంది, మరికొన్నింటిలో ఆ పొర కూడా కనబడదు. అలాంటి సీసాల్లో ఒకదాని మీద జీ-సీఎస్ఎఫ్ అని పేరు, 10 మైక్రోగ్రాములనో 50 మైక్రోగ్రాములనో పరిమాణం, 95 శాతానికి మించిన శుద్ధత, నిల్వ ఉంచవలసిన ఉష్ణోగ్రత, వీటన్నిటి కింద ‘పరిశోధనకు మాత్రమే’ అన్న హెచ్చరిక అచ్చయి ఉంటాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో 10 లక్షలవ వంతు. ఇంత కొద్ది పదార్థం కోసం ప్రయోగశాలలు వేల రూపాయలు చెల్లించడానికి వెనకాడకపోవడానికి కారణం అది మనిషి శరీరంలో పుట్టే ప్రోటీనుకు సాటి కావడం, దానిని తయారు చేసింది మాత్రం మనిషి శరీరం కాకపోవడం. మనిషి జన్యువును వేరొక జీవి జన్యుపదార్థంతో జోడించి, ఆ జీవి చేత మనిషి ప్రోటీనును చేయించే పద్ధతిని రీకాంబినెంట్ పద్ధతి అంటారు. ఈ సీసాలోని పదార్థం సాధారణంగా ఈ-కొలై అనే పేగుల బాక్టీరియా చేతి పని.

జీ-సీఎస్ఎఫ్ అన్నది గ్రాన్యులోసైట్ కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్ అన్న పేరుకు పొడి అక్షరాల రూపం. రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా ఉండే న్యూట్రోఫిళ్ళు, శరీరంలోకి చొరబడిన బాక్టీరియాను మొదట ఎదిరించే కణాలు. వీటి ఆయుష్షు గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ముగిసిపోతుంది కనుక, పెద్దవారి ఎముక మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిళ్ళను కొత్తగా తయారు చేస్తూనే ఉండాలి. ఎప్పుడు ఎంత తయారు చేయాలో మూలుగకు తెలియజెప్పే రసాయన సందేశాల్లో జీ-సీఎస్ఎఫ్ ముఖ్యమైనది. ఇన్ఫెక్షన్ సోకినప్పుడు రక్తనాళాల లోపలి పొర కణాలు, మాక్రోఫేజ్ కణాలు మొదలైనవి దీనిని విడుదల చేస్తాయి. మూలుగలోని ఎదిగీ ఎదగని కణాల పైపొరలో ఉన్న గ్రాహకాలకు ఇది అతుక్కొని, రెండేసి గ్రాహకాలను దగ్గరకు చేర్చి, ఆ కణాలు విభజన చెందేటట్టు, ముదిరి న్యూట్రోఫిళ్ళుగా మారేటట్టు, త్వరగా రక్తంలోకి విడుదలయ్యేటట్టు చేస్తుంది.

ఈ ప్రోటీను ఉనికి మొదట బయటపడింది దానికోసం వెతికిన వారి వల్ల కాదు. 1960ల నడుమ ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో డోవ్ ప్లుజ్నిక్, లియో సాక్స్, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రే బ్రాడ్లీ, డొనాల్డ్ మెట్‌కాఫ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దాదాపు ఒకే ప్రయోగం చేశారు. సముద్రపు నాచు నుంచి తీసే అగార్ అనే జిగురును పలుచగా కలిపి, అందులో ఎలుక మూలుగ కణాలను చల్లి, కొన్ని రోజులు వెచ్చగా ఉంచితే, కదలడానికి వీలులేని ఆ మెత్తని గడ్డలో ఒక్కొక్క కణం తానున్న చోటనే విభజన చెంది, ఒక్కొక్క గుంపుగా పెరిగింది. ఆ గుంపునే కాలనీ అన్నారు. అయితే కాలనీలు అన్ని పళ్ళేలలోనూ పుట్టలేదు; అడుగున వేరే రకం కణాల పొర ఉన్నచోట, లేదా అలాంటి కణాలు పెరిగిన ద్రవాన్ని కలిపినచోట మాత్రమే పుట్టాయి. ఆ కణాలు ఏదో పదార్థాన్ని వదులుతున్నాయని, అది లేనిదే మూలుగ కణాలు విభజన చెందవని దీనితో తేలిపోయింది. ఆ తెలియని పదార్థానికి, అది చేసే పనిని బట్టి, కాలనీలను ప్రేరేపించే కారకమని పేరు పెట్టారు. పేరు పెట్టిన తరువాత ఆ కోవలోని జీ-సీఎస్ఎఫ్‌ను చేతికి చిక్కించుకోవడానికి మెట్‌కాఫ్ బృందానికి 15 ఏళ్ళకు పైగా పట్టింది.

అంత కాలం పట్టడానికి కారణం ఆ పదార్థపు అల్పత్వమే. కణాలు వదిలే ద్రవంలో వందల రకాల ప్రోటీన్లు కలిసి ఉంటే, వాటిలో జీ-సీఎస్ఎఫ్ వాటా లెక్కకు కూడా రానంత తక్కువ. పైగా ఒక కారకం అనుకున్నది నాలుగు వేరువేరు కారకాలని శుద్ధి చేసేకొద్దీ తెలియవచ్చింది. 1983లో నికోస్ నికోలా, మెట్‌కాఫ్, వారి సహచరులు ఎలుక జీ-సీఎస్ఎఫ్‌ను విడదీసినప్పుడు, బాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషాన్ని ఎలుకలకు ఎక్కించి, ఆ ఎలుకల ఊపిరితిత్తుల కణజాలాన్ని పెంచిన ద్రవం నుంచి దానిని తీశారు. ఎండోటాక్సిన్ తగిలిన శరీరం బాక్టీరియా దాడి జరిగిందనుకొని జీ-సీఎస్ఎఫ్‌ను ఎక్కువగా స్రవిస్తుందన్న ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఈ ప్రోటీను సీసాలోకి చేరాక అదే ఎండోటాక్సిన్ దానికి పెద్ద బెడద అయింది. మనిషి ప్రోటీను సంగతికి వస్తే, 1985లో న్యూయార్క్‌లో కార్ల్ వెల్టే, మాల్కమ్ మూర్, వారి సహచరులు ఒక మూత్రాశయ క్యాన్సర్ కణాల సంతతి దానిని ధారాళంగా స్రవిస్తున్నదని గుర్తించి, ఆ ద్రవం నుంచి శుద్ధి చేశారు. క్యాన్సర్ కణం అదుపు తప్పి వృథాగా ఒలకబోసే పదార్థమే క్యాన్సర్ రోగులకు ఔషధమయ్యే ప్రోటీనును కనుగొనడానికి ఆధారమైంది.

శుద్ధ ప్రోటీను కొద్దిగానైనా చేతికి రాగానే దాని అమైనో ఆమ్లాల వరుసలో కొంత భాగాన్ని చదివి, ఆ వరుస నుంచి జన్యువు ఎలా ఉండాలో ఊహించి, ఆ ఊహకు సరిపడే డీఎన్ఏ ముక్కను గాలంగా వేసి అసలు జన్యువును పట్టడం సాధ్యమైంది. 1986లో రెండు బృందాలు ఈ పనిని విడివిడిగా పూర్తి చేశాయి: జపాన్‌లో షిగెకజు నగాటా బృందం నోటి క్యాన్సర్ కణాల సంతతి నుంచి, కాలిఫోర్నియాలోని ఆమ్‌జెన్ సంస్థలో లారీ సౌజా బృందం వెల్టే వాడిన మూత్రాశయ క్యాన్సర్ కణాల నుంచి జన్యువును రాబట్టాయి. మనిషి 17వ క్రోమోజోము మీద ఉన్న ఆ జన్యువు సూచించే ప్రోటీనులో, కణం నుంచి బయటకు దారి చూపే ముందుభాగం తెగిపోయాక, 174 అమైనో ఆమ్లాలు మిగులుతాయి.

జన్యువు దొరికినంత మాత్రాన బాక్టీరియా దానిని చదవగలదా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. దీనికొక పోలిక చెప్పుకోవచ్చు: భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతు పేటికల మీది రాతలో భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి కుటుంబానిదే, అయినా కొన్ని అక్షరాల రూపంలోనూ అకారాన్ని గుర్తించే పద్ధతిలోనూ ఆ చోటికే చెందిన అలవాటు కనబడుతుంది. జన్యు లిపి కూడా మనిషిలోనూ బాక్టీరియాలోనూ ఒక్కటే అయినా అలవాట్లు వేరు. డీఎన్ఏలోని మూడేసి అక్షరాల గుంపు ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. అలాంటి గుంపులు 64 ఉంటే అమైనో ఆమ్లాలు 20 మాత్రమే కనుక, ఒకే అమైనో ఆమ్లాన్ని పలు గుంపులతో రాయవచ్చు. మనిషి జన్యువు ఇష్టపడే గుంపుల్లో కొన్నింటిని ఈ-కొలై అరుదుగా వాడుతుంది. పైగా జీ-సీఎస్ఎఫ్ జన్యువు మొదటి భాగంలో జీ, సీ అక్షరాలు మరీ ఒత్తుగా ఉండి, దాని నకలు ముడుచుకుపోయి, బాక్టీరియాకు చదవడం కష్టమవుతుంది. అందువల్ల తయారీదారులు అర్థం మారకుండా అక్షరాలను మార్చి, ప్రోటీను వరుస యథాతథంగా ఉంచి, బాక్టీరియా అలవాటుకు తగినట్టు జన్యువును తిరగరాశారు. తిరగరాసిన జన్యువును ప్లాస్మిడ్ అనే గుండ్రని చిన్న డీఎన్ఏలో చేర్చి బాక్టీరియాలోకి పంపారు. స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ 1973లో చూపించిన ఈ దారిలోనే 1977లో సొమాటోస్టాటిన్ అనే చిన్న హార్మోను, 1978లో మనిషి ఇన్సులిన్ బాక్టీరియాలో తయారయ్యాయి; జీ-సీఎస్ఎఫ్ నాటికి దారి ఏర్పడే ఉంది.

అయితే దారి ఉండడం వేరు, సరుకు చేతికి రావడం వేరు. నిజమైన కష్టం ఇక్కడే మొదలవుతుంది, ఈ ప్రోటీను కథలో అన్నిటికంటే తక్కువగా గుర్తింపు పొందిన పనితనం కూడా ఇక్కడే ఉంది. ఈ-కొలై తన అలవాటు కొద్దీ ప్రోటీను మొదట్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించి వదిలేస్తుంది కనుక, బాక్టీరియా చేసిన జీ-సీఎస్ఎఫ్‌లో 174 బదులు 175 ఉంటాయి. మనిషి కణం ఈ ప్రోటీను 133వ స్థానంలో చక్కెర గొలుసు ఒకటి తగిలిస్తుంది. బాక్టీరియాకు ఆ విద్య తెలియదు. ఈ రెండు తేడాలూ ప్రోటీను పనికి అడ్డం రాలేదు. మూడవది మాత్రం అలా కాదు. మనిషి ప్రోటీనులో రెండు జతల సిస్టీన్ అమైనో ఆమ్లాలు, అంటే 36వది 42వదానితోనూ, 64వది 74వదానితోనూ, గంధకపు బంధంతో ముడిపడి ఆకారాన్ని పట్టి ఉంచుతాయి. 17వ స్థానంలోని అయిదవ సిస్టీన్ మాత్రం ఒంటరిగా ఉండిపోతుంది. బాక్టీరియా కణం లోపలి వాతావరణం ఇలాంటి గంధకపు బంధాలు ఏర్పడడానికి అనుకూలం కాదు. అదుపు లేకుండా, సరైన ఆకారం లేకుండా పుట్టుకొచ్చే ప్రోటీను అణువులు ఒకదానికొకటి అంటుకొని, ఇంక్లూజన్ బాడీలు అనే గట్టి ముద్దలుగా బాక్టీరియాలో పేరుకుపోతాయి.

ఈ ముద్దల్లో ప్రోటీను పుష్కలంగానే ఉంటుంది. కాని పనికిరాని రూపంలో ఉంటుంది. బాక్టీరియాను చిదిమి, ముద్దలను కడిగి, గాఢమైన యూరియా లేదా గ్వానిడీన్ ద్రావణంలో కరిగిస్తే, ముద్దకట్టిన అణువులన్నీ విడివడి, మెలికలు వీడి, తిన్నని పోగుల్లాగా మారతాయి. అప్పుడు ఆ ద్రావణాన్ని నెమ్మదిగా పలుచన చేస్తూ, ఆమ్లత్వాన్ని, గంధకపు బంధాలు ఏర్పడడానికి కావలసిన రసాయనాలను, ఉష్ణోగ్రతను, ప్రోటీను గాఢతను కొలిచి అదుపులో ఉంచితే, కొంత భాగం తనంతట తానే సరైన ఆకారంలోకి మడుచుకుంటుంది. తొందరపడితే అణువులు మళ్ళీ ఒకదానికొకటి అంటుకుంటాయి. 17వ సిస్టీన్ పొరుగు జత నుంచి ఒకదానిని లాక్కొని తప్పు ముడి వేసుకుంటే, ఆ అణువు చూడడానికి ప్రోటీనే అయినా పనిచేయదు. సరిగా మడుచుకున్న వాటిని తప్పు మడతల నుంచి వేరు చేయడానికి, విద్యుదావేశాన్ని బట్టి, నీటిని తప్పించుకునే స్వభావాన్ని బట్టి ప్రోటీన్లను విడదీసే పూసల స్తంభాల గుండా ద్రవాన్ని ఒకదాని తరువాత ఒకటిగా పంపుతారు. పరిశోధన సరుకులో కొందరు తయారీదారులు ప్రోటీను చివర ఆరు హిస్టిడీన్లను తోకగా చేర్చి, నికెల్ పూసలకు అది అంటుకొనేలా చేసి పని తేలిక చేసుకుంటారు. ఔషధంలో అలాంటి తోకకు చోటు లేదు. ఇంతా చేశాక కూడా ఈ ప్రోటీనుకు స్థిమితం తక్కువ: రక్తం ఉండే తటస్థ పీహెచ్‌లో సీసాలో ఎక్కువ కాలం ఉంచితే ముద్దకడుతుంది కనుక, ఔషధాన్ని పీహెచ్ 4 దగ్గర, పుల్లని ద్రావణంలో నిలవ చేస్తారు. పరిశోధన సీసాల్లో ఎక్కువ భాగం గడ్డకట్టించి, శూన్యంలో తేమను ఆవిరి చేసి, పొడిగా పంపిస్తారు. మైక్రోగ్రాముల్లో ఉన్న ప్రోటీను గాజు గోడలకు అంటుకుపోయి పోయేంత కొద్దిది కావడం వల్ల, గోడలకు తానే ముందుగా అంటుకునే ఆల్బుమిన్ వంటి తోడు ప్రోటీనును కొన్ని సీసాల్లో కలుపుతారు. ఆ తోడు ప్రోటీను అడ్డం వచ్చే ప్రయోగాలకు అది లేని సీసాలను వేరుగా అమ్ముతారు.

సీసాలో ఉన్నది అసలు సరుకేనని తేల్చేది బరువు కాదు, పని. తప్పుగా మడుచుకున్న ప్రోటీను కూడా తూకానికి అంతే తూగుతుంది. అందుకని జీ-సీఎస్ఎఫ్‌ను కొలవడానికి ఎన్ఎఫ్ఎస్-60 అనే ఎలుక ల్యుకేమియా కణాల సంతతిని వాడతారు. ఈ కణాలు జీ-సీఎస్ఎఫ్ వంటి కారకం ఉంటేనే పెరుగుతాయి, లేకపోతే చచ్చిపోతాయి, మనిషి జీ-సీఎస్ఎఫ్‌ను కూడా తమదిగానే గుర్తిస్తాయి. 96 గుంటలున్న ప్లాస్టిక్ పలకలో గుంట గుంటకూ సమానంగా కణాలు వేసి, మొదటి వరుసలో ఎక్కువ, తరువాతి వరుసల్లో సగం సగంగా తగ్గిస్తూ ప్రోటీను కలిపి, రెండు రోజులు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. ఆ పైన, బతికి ఉన్న కణాలు మాత్రమే ఊదా రంగుకు మార్చగలిగే పసుపు పచ్చని ఎంటీటీ అనే రసాయనాన్ని చేర్చితే, పలక ఒక అంచున ముదురు ఊదాగా మొదలై, క్రమంగా పలచబడుతూ, రెండవ అంచుకు చేరేసరికి రంగు లేకుండా పోతుంది. ఆ రంగు సగానికి చేరే గాఢత మంచి సరుకులో మిల్లీలీటరుకు పదుల పికోగ్రాములే ఉంటుంది. పికోగ్రాము అంటే మైక్రోగ్రాములో మళ్ళీ 10 లక్షలవ వంతు. అంటే 10 మైక్రోగ్రాముల సీసాతో వందల లీటర్ల ద్రవంలో ఈ కణాలను బతికించవచ్చు. ఒక దేశపు కొలతకూ మరో దేశపు కొలతకూ పొంతన కుదరడానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున బ్రిటన్‌లోని జీవ ప్రమాణాల సంస్థ దగ్గర ప్రమాణ నమూనా ఒకటి ఉంది. దానితో పోల్చి చూసి చెప్పే అంతర్జాతీయ యూనిట్లలో మంచి జీ-సీఎస్ఎఫ్ మిల్లీగ్రాముకు సుమారు 10 కోట్ల యూనిట్ల బలం చూపాలి.

ఇక ఎండోటాక్సిన్ సంగతి. ప్రోటీనును తయారు చేసిన ఈ-కొలై పైపొర నిండా ఉండేది ఈ విషమే కనుక, శుద్ధిలో ఏ కొంచెం మిగిలినా సీసాలోకి చేరుతుంది. మూలుగ కణాల మధ్య ఉండే మాక్రోఫేజ్‌లకు ఎండోటాక్సిన్ లేశమాత్రం తగిలినా అవి సొంతంగా జీ-సీఎస్ఎఫ్‌ను, ఇంకా పలు కారకాలను స్రవిస్తాయి. అప్పుడు పళ్ళెంలో పుట్టిన కాలనీలు సీసాలోని ప్రోటీను వల్ల పుట్టాయా, మలినం వల్ల పుట్టాయా అన్నది పరిశోధకుడికి తెలియదు. అతడు రాసే పత్రం తప్పవుతుంది, దానిని నమ్మిన వారి పని కూడా తప్పవుతుంది. అందువల్ల గుర్రపునాడా పీత రక్తకణాల సారం ఎండోటాక్సిన్ తగలగానే గడ్డకట్టే గుణాన్ని ఆధారం చేసుకొని ప్రతి విడతనూ పరీక్షించి, మైక్రోగ్రాముకు ఇన్ని యూనిట్లకు మించలేదని సీసాతో పాటు ధ్రువపత్రం ఇస్తారు. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న చీటీని చూసి నాణ్యత తక్కువ సరుకని అనుకోవడం పొరపాటు. ఆ సీసాలోని ప్రోటీను కొన్నిసార్లు ఔషధంతో సమానంగా శుద్ధమైనదే కావచ్చు. మనిషి శరీరంలోకి పంపడానికి అవసరమైన సూక్ష్మజీవి రహిత తయారీ, ఏళ్ళ తరబడి నిలకడ పరీక్షలు, జంతువుల మీద, రోగుల మీద జరిగిన పరిశీలనల దస్త్రాలు దాని వెంట లేవు, ఉండనక్కరలేదు. ఔషధం, పరిశోధన సరుకు వేరయ్యేది అణువులో కాదు, అణువు వెంట ఉన్న సాక్ష్యంలో.

ఆ సాక్ష్యాన్ని కూడగట్టే పని 1980ల చివరి భాగంలో జరిగింది. క్యాన్సర్ మందుల చరిత్రలో ఈ ప్రోటీను అవసరం ఎందుకు పడిందో తెలియడానికి ఒక తెలుగు శాస్త్రవేత్త పనిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహిస్తూ, ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పనికి కొనసాగింపుగా, దానిని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అణువులను తయారు చేయించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని తెలిపారు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే మరణించారు. వేగంగా విభజన చెందే కణాలను ఆపడం మీద ఆధారపడిన ఆ కీమోథెరపీ పద్ధతిలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది: శరీరంలో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాల్లో మూలుగ కణాలు కూడా ఉన్నాయి. మందు పడిన వారం పది రోజులకు న్యూట్రోఫిళ్ళ సంఖ్య మైక్రోలీటరుకు 500 కంటే తగ్గిపోయి, మామూలుగా హాని చేయని బాక్టీరియా కూడా ప్రాణం మీదికి తెస్తుంది. క్యాన్సర్ తగ్గుతున్న రోగి జ్వరంతో పోయిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. క్యాన్సర్‌ను ఓడించగల మోతాదు తెలిసి కూడా మూలుగ తట్టుకోలేదని తగ్గించి ఇవ్వవలసి వచ్చేది. జీ-సీఎస్ఎఫ్ ఆ కటకటను కొంతవరకు తీర్చింది. కీమోథెరపీ ముగిసిన మరుసటి రోజు నుంచి కొన్ని రోజులు చర్మం కింద ఇస్తే న్యూట్రోఫిళ్ళు త్వరగా కోలుకుంటాయని, జ్వరాలు తగ్గుతాయని పరీక్షల్లో తేలడంతో, 1991 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆమ్‌జెన్ తయారు చేసిన ఫిల్‌గ్రాస్టిమ్ అనే జీ-సీఎస్ఎఫ్ ఔషధానికి అనుమతి ఇచ్చింది. మూలుగ చురుకుగా పనిచేయడం మొదలుపెట్టినప్పుడు కలిగే ఎముకల నొప్పి దీని ముఖ్యమైన ఇబ్బంది.

హైదరాబాదులో ఈ ప్రోటీను తయారు కావడానికి మరో పదేళ్ళు పట్టింది. తాడేపల్లిలో పుట్టి, గుంటూరు ఏసీ కళాశాలలో చదివి, బొంబాయిలో, పూనాలో రసాయన సాంకేతికత అభ్యసించిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ మొదట పేరు తెచ్చుకున్నది రసాయన సంయోగంతో చేసే చిన్న అణువుల మందులతో. ఆ విద్యకూ దీనికీ పోలిక తక్కువ. ఆస్పిరిన్ అణువు బరువు 180 డాల్టన్లు. ఫిల్‌గ్రాస్టిమ్ బరువు 18,800. ఆస్పిరిన్‌ను ఏ దారిలో చేసినా అది ఆస్పిరినే అని రసాయన పరీక్షతో నిరూపించవచ్చు. ప్రోటీనుకు అలా కాదు, బాక్టీరియా సంతతి, పెంపకం, మడతపెట్టే తీరు, శుద్ధి, ఇవన్నీ సరుకులో భాగమే. మొదటి తయారీదారు ఆ వివరాలను ఎవరికీ చెప్పడు కనుక, రెండవవాడు బాక్టీరియాతో సహా అంతా తానే కొత్తగా కనిపెట్టుకోవాలి. 2001లో డాక్టర్ రెడ్డీస్ గ్రాఫీల్ పేరుతో ఫిల్‌గ్రాస్టిమ్‌ను విడుదల చేసింది. హైదరాబాదుకు అప్పటికే రీకాంబినెంట్ తయారీలో కొంత అనుభవం ఉంది: కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీలోనూ పరిశోధన సాగించి, 1997లో ఈస్ట్ కణాల్లో చేసిన హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. ఆ టీకాలో ఉన్నది వైరస్ ప్రోటీను. గ్రాఫీల్‌లో ఉన్నది మనిషి ప్రోటీను.

తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ పని విలువ తెలుస్తుంది. మూల ఔషధాన్ని పోలిన జీవ ఔషధాలుగా ఫిల్‌గ్రాస్టిమ్‌లకు ఐరోపాలో అనుమతి వచ్చింది 2008లో. ఇలాంటి ఔషధాల కోసం భారతదేశం ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది 2012లో. అమెరికాలో ఆ కోవలో అనుమతి పొందిన మొట్టమొదటి ఔషధం కూడా ఫిల్‌గ్రాస్టిమే, అది 2015 మార్చిలో. హైదరాబాదు వాటన్నిటికంటే ముందే ఆ సరుకును ఆసుపత్రులకు చేర్చింది. ఈ విద్య మీద పట్టు దొరికాకే ఆ సంస్థ 2007లో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీని తయారు చేయగలిగింది.

భట్టిప్రోలు, రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతాల నుంచి కీమోథెరపీకి గుంటూరుకు, హైదరాబాదుకు వెళ్ళి వచ్చే కుటుంబాలకు ఈ ఇంజెక్షన్ తెల్లకణాల ఇంజెక్షన్‌గానే పరిచయం. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం రావడంతో డెల్టా పల్లెల వారికి చికిత్స కొంత దగ్గరైంది. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉంచాలి, గడ్డకట్టనీయకూడదు, కుదపకూడదు; ఎండాకాలంలో ఐసు డబ్బాలో పెట్టుకొని బస్సులో ఊరికి తెచ్చి, రోజుకొకటి చొప్పున పొడిపించుకోవలసిన రోగికి ఈ నియమాలు చిన్న భారం కాదు. రక్తంలో ఫిల్‌గ్రాస్టిమ్ సగానికి తగ్గడానికి పట్టేది సుమారు మూడున్నర గంటలే కనుక రోజూ ఇవ్వవలసి వస్తుంది. అణువుకు పాలిథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి గొలుసును తగిలించి, మూత్రపిండాలు దానిని వడపోయకుండా చేసిన పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 2002లో అమెరికాలో వచ్చింది, తరువాత హైదరాబాదులోనూ తయారైంది; దానిని ఒక విడత కీమోథెరపీకి ఒక్కసారి ఇస్తే చాలు. దానిని శరీరం నుంచి తొలగించేవి ముఖ్యంగా న్యూట్రోఫిళ్ళే కావడం వల్ల, అవి తక్కువగా ఉన్నంతకాలం మందు నిలిచి, అవి పెరిగాక తనంతట తానే తగ్గిపోతుంది. ఇంత పొందికైన మోతాదు నియమం వైద్యంలో అరుదు.

ఔషధంగా స్థిరపడినంత మాత్రాన పరిశోధన సీసాకు పని తగ్గలేదు. ఔషధానికి అనుమతి రాకముందే, 1988లో, మెల్‌బోర్న్ బృందం జీ-సీఎస్ఎఫ్ ఇచ్చిన రోగుల రక్తంలో మూలుగ మూలకణాలు కూడా కనబడుతున్నాయని గమనించింది. దాతకు మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి మూలుగ తోడవలసిన అవసరం లేకుండా, చేతి సిర నుంచే మూలకణాలను సేకరించే నేటి పద్ధతి దాని నుంచి వచ్చింది. పుట్టుకతోనే న్యూట్రోఫిళ్ళు మరీ తక్కువగా ఉన్న పిల్లల్లో జీ-సీఎస్ఎఫ్ చాలామందిని పెద్దవాళ్ళను చేసింది. వారిలో కొందరికి ఏళ్ళు గడిచాక జీ-సీఎస్ఎఫ్ గ్రాహకంలోనే జన్యు మార్పులు వచ్చి, ల్యుకేమియాకు దారి తీస్తున్నాయి. ఆ మార్పులు ఎందుకు వస్తాయో, ముందుగా ఎలా గుర్తించాలో తెలుసుకోవడానికి పరిశోధకులు అలాంటి పిల్లల చర్మం నుంచో రక్తం నుంచో తీసిన కణాలను మళ్ళీ మూలకణాల స్థితికి తెచ్చి, అక్కడి నుంచి పళ్ళెంలో న్యూట్రోఫిళ్ళుగా పెంచుతారు. ఏ దశలో కణాలు ఆగిపోతున్నాయో రోజువారీగా గమనిస్తూ, ఆ దశలో కలిపే జీ-సీఎస్ఎఫ్ మోతాదును మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కన పెంచుతూ, తగ్గిస్తూ చూస్తారు.